ఎస్సే బాగుందన్నారు, కానీ అందులో నేను కనిపించడం లేదట. ఏం చేయాలి?

సగంరాసినపేజీ
పన్నెండో తరగతి చదువుతున్నాను. కామన్ యాప్ (అమెరికాలో చాలా కాలేజీలకి కలిపి ఒకే దరఖాస్తు) ఎస్సే వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టాను. నిన్న స్కూల్లో కౌన్సెలర్‌కి చూపించాను. ఆవిడ మొత్తం చదివి, "తప్పులేం లేవు, భాష బాగుంది, కానీ ఇందులో నువ్వు కనిపించడం లేదు" అన్నారు. ఎలా కనిపించాలో మాత్రం చెప్పలేదు.
ఆసుపత్రిలో వాలంటీరుగా చేశాను, దాని గురించే రాశాను. సేవలో ఉన్న ఆనందం, రోగుల ధైర్యం చూసి నేర్చుకున్నది, డాక్టర్ కావాలన్న కోరిక ఎలా బలపడిందీ, ఇవన్నీ ఉన్నాయి. 640 పదాలు వచ్చింది. ఇప్పుడు మొత్తం పక్కన పడేయాలా? నవంబర్ 1కి ఒక ఎర్లీ అప్లికేషన్ (మామూలు గడువు కంటే ముందే పంపేది) ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది.

నీలిరంగుపెన్
అప్పుడే పడేయకు. మొదటి పేరా ఇక్కడ పెట్టు, చూస్తాం.

సగంరాసినపేజీ
ఇంగ్లిష్‌లో ఉంది, తెలుగులో చెబుతాను. "చిన్నప్పటి నుంచి ఇతరులకు సాయం చేయడమంటే నాకెంతో ఇష్టం. ఆసుపత్రిలో అడుగుపెట్టిన తొలిరోజే నా జీవితం మలుపు తిరిగింది. నొప్పిని భరిస్తూ కూడా చిరునవ్వు నవ్వే రోగులను చూసి నిజమైన ధైర్యం అంటే ఏమిటో తెలుసుకున్నాను."

రెండోచిత్తు
కౌన్సెలర్ గారు అన్నది నిజమే అమ్మా. ఈ మూడు వాక్యాల కింద ఎవరి పేరు పెట్టినా సరిపోతుంది.

పక్కబెంచి
నేను ఒప్పుకోను. మా అబ్బాయి కూడా ఈ ఏడాదే అప్లై చేస్తున్నాడు. చదివేవాళ్లకి కావలసింది పిల్లలు ఏం సాధించారన్నది. ఆసుపత్రిలో ఎన్ని గంటలు పనిచేసింది, ఏ బహుమతులు వచ్చాయి, ఏ క్లబ్బుకి అధ్యక్షురాలు, అవి రాయాలి. "కనిపించడం" లాంటి మాటలతో పిల్లల్ని గందరగోళపెడుతున్నారు.

నీలిరంగుపెన్
పక్కబెంచి గారూ, వాటికి వేరే చోటు ఉంది. కామన్ యాప్‌లో పది కార్యకలాపాలు రాసుకోవచ్చు, ఒక్కోదానికి వివరణకి 150 అక్షరాలు, వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని కూడా అడుగుతారు. అవార్డులకు ఇంకో అయిదు గడులు. ఎస్సేలో మళ్లీ అదే చెబితే ఉన్న 650 పదాలూ వాళ్లకి ముందే తెలిసిన సంగతికి ఖర్చయిపోతాయి.

గుడ్లగూబ
ఒక యూనివర్సిటీకి సీజన్‌లో అప్లికేషన్లు చదివిపెట్టే పని చేసేదాన్ని. ఏ యూనివర్సిటీ అన్నది చెప్పను. మా దగ్గర ఎలా చదివేవాళ్లమో చెబుతాను, అన్నిచోట్లా ఇలాగే ఉంటుందని అనుకోవద్దు.
ముందు మార్కులు, తీసుకున్న కోర్సులు, ఆ స్కూల్లో అసలు ఏ కోర్సులు దొరుకుతాయన్నది. తర్వాత కార్యకలాపాలు. తర్వాత ఎస్సే, టీచర్ల ఉత్తరాలు. ఎస్సే దగ్గరికి వచ్చేసరికే ఈ విద్యార్థి చదవగలదా లేదా అన్నది తేలిపోయి ఉంటుంది. అప్పుడు నాకు కావలసింది వేరు. ఈ అమ్మాయి క్లాసులో కూర్చుంటే, హాస్టల్ గదిలో పక్క మంచం మీద ఉంటే, ఎలా ఆలోచిస్తుంది, దేన్ని పట్టించుకుంటుంది? ఆసుపత్రి గురించి వచ్చే ఎస్సేల్లో ఎక్కువగా కనిపించేది రోగుల ధైర్యం. రాసిన అమ్మాయి ఏం చేసిందో కనిపించేది కాదు. నాకు సీటు ఇవ్వాల్సింది రోగికి కాదు కదా.
సగంరాసినపేజీ, ఒక్క ప్రశ్న. ఆసుపత్రిలో నీకు ఇచ్చిన పని ఏమిటి? "సేవ" అని చెప్పొద్దు. చేతులతో, కాళ్లతో ఏం చేశావు?

సగంరాసినపేజీ
డిశ్చార్జ్ అయినవాళ్లని వీల్‌చెయిర్‌లో గేటు దాకా తీసుకెళ్లడం. దారి అడిగినవాళ్లకి చెప్పడం. నిజం చెప్పాలంటే ఎక్కువసేపు దారి చెప్పడమే. లిఫ్టు దిగాక ఎక్స్‌రే విభాగానికి కుడివైపు తిరగాలి, కానీ బోర్డు ఎడమ గోడ మీద ఉంటుంది. అందరూ అక్కడే తప్పిపోతారు. కాగితం బాణాలు గీసి అతికించాను, సాయంత్రానికి తీసేశారు. తర్వాత ఆ మూల దగ్గరే నిలబడి ఎవరు ఎటు తిరుగుతున్నారో నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని. ముసలివాళ్లు బోర్డు చూడరు, ముందు వెళ్లే మనిషిని చూసి నడుస్తారు. అందుకే ఒకళ్లు తప్పితే వెనక నలుగురు తప్పుతారు. కానీ ఇదంతా ఎస్సేకి చాలా చిన్న విషయం.

రెండోచిత్తు
!!!

గుడ్లగూబ
ఇదే. ఇదే నీ ఎస్సే.

ఇద్దరుపిల్లలతల్లి
ఇంత మంచి సంగతి చేతిలో పెట్టుకుని చిరునవ్వులు నవ్వే రోగుల గురించి రాశావా తల్లీ!

అక్షరపిచ్చుక
"ముందు వెళ్లే మనిషిని చూసి నడుస్తారు" అన్న వాక్యం నేను ఇవాళంతా మర్చిపోలేను.

పక్కబెంచి
బాగుంది, కాదనను. కానీ బాణాలు అతికించడం చూపించి పెద్ద కాలేజీలో సీటు అడగవచ్చా? పక్కన ఇంకొకరు పరిశోధన పత్రం గురించి రాస్తారు. తేలిపోదా?

లెక్కలమాస్టారు
పరిశోధన పత్రం రాసిన పిల్లవాడికి కూడా ఇదే కష్టం ఉంటుంది పక్కబెంచి గారూ. నా విద్యార్థి ఒకడు ప్రోటీన్ల మీద పనిచేశాడు. ఎస్సే మొదటి చిత్తులో అంతా ప్రోటీనే ఉంది. చివరికి తను పాడైన ఫలితాల ఫైల్‌ని ఎందుకు దాచుకున్నాడో రాశాడు, అప్పుడు గాని అందులో మనిషి కనిపించలేదు. విషయం పెద్దదా చిన్నదా అన్నదాని కంటే, దాని మీద ఆ పిల్ల బుర్ర ఎలా పనిచేసిందో చూపించగలదా అన్నదే ముఖ్యం. ఈ అమ్మాయి ఒక ఇబ్బంది చూసింది, ఒక పరిష్కారం ప్రయత్నించింది, అది పోయింది, కోపం తెచ్చుకోకుండా గమనించడం మొదలుపెట్టింది, తను అనుకోని కారణం కనిపెట్టింది. ఒక ప్రయోగంలో ఉండాల్సినవన్నీ ఇందులో ఉన్నాయి.

ఉత్తరధ్రువం
ఇది ఏ ప్రాంప్ట్ (ఎస్సేకి వాళ్లిచ్చే అంశం) కిందకి వస్తుంది?

నీలిరంగుపెన్
కామన్ యాప్‌లో ఏడు ప్రాంప్టులు. నేపథ్యం లేదా ఆసక్తి ఒకటి, అడ్డంకి లేదా వైఫల్యం ఒకటి, ఒక నమ్మకాన్ని ప్రశ్నించడం, కృతజ్ఞత (ఇది 2021లో చేర్చారు), ఎదుగుదలకు దారితీసిన సంఘటన, సమయం తెలియకుండా మునిగిపోయే విషయం, ఇక ఏడోది నీ ఇష్టం. బాణాలు తీసేయడం రెండో దానికి సరిపోతుంది, మనుషులు ఎలా నడుస్తారో గమనించడం ఆరో దానికి సరిపోతుంది. ముందు రాసేయ్, తర్వాత ఏది నప్పితే అది టిక్ పెట్టు. ప్రాంప్ట్ ఎదురుగా పెట్టుకుని రాయడం మొదలుపెడితే పరీక్షలో జవాబు రాసినట్టు వస్తుంది.

గుడ్లగూబ
పైదానికి నాదీ అదే మాట. ఏ ప్రాంప్ట్ ఎంచుకున్నారన్నదాన్ని బట్టి నేను ఎవరికీ ఎక్కువా తక్కువా వేయలేదు.

తూర్పుగాలి
కష్టం రాస్తేనే సీటు వస్తుందని మా సీనియర్లు అంటున్నారు. ఇంట్లో ఎవరో పోవడం, జబ్బు, డబ్బు ఇబ్బంది. నాకు అలాంటివేం లేవు. ఈ అమ్మాయి ఎస్సేలో కూడా కష్టం లేదు కదా?

ఇద్దరుపిల్లలతల్లి
కష్టం లేకపోవడం లోటు ఎలా అవుతుంది? మా పెద్దది వాళ్ల తాతయ్య పోయినప్పటి సంగతి రాయాలా వద్దా అని చాలా ఆలోచించింది. "అది రాయాలని నాకు లేదు, అది నాది" అంది. నేను ఒక్క మాట కూడా అనలేదు. పిల్లల చేత వాళ్ల బాధని బయటికి తీయించి, సీటు కోసం మెరుగులు దిద్దించడం నాకు చాలా తప్పుగా అనిపిస్తుంది. ఈ సంగతి గురించి నాకు నిజంగా కోపం.

అక్షరపిచ్చుక
కానీ రాయాలనుకునేవాళ్లు రాయొచ్చు కదా. నేను మా తమ్ముడి గురించి రాశాను, వాడికి వినపడదు. అది నా కష్టమూ కాదు, వాడి కష్టమూ కాదు, మేమిద్దరం చేతులతో పోట్లాడుకోవడం గురించి రాశాను. అమ్మ గదిలోకి వచ్చేసరికి ఇద్దరం చేతులు వెనక పెట్టుకుని అమాయకంగా నిలబడటం దాకా. నవ్వుతూ రాశాను, ఏ జాలీ అడగలేదు.

గుడ్లగూబ
ఇద్దరు చెప్పిందీ సరైనదే. ఇంకొకటి. మార్కులు పడిపోవడానికి కారణం జబ్బో, ఇంట్లో ఇబ్బందో అయితే అది చెప్పడం అవసరం, కానీ దానికి ఎస్సే అక్కర్లేదు. సవాళ్లు, పరిస్థితులు అని వేరే ఐచ్ఛిక ప్రశ్న ఉంది, 250 పదాలు. అక్కడ నేరుగా, తేదీలతో, ఆరాటం లేకుండా రాస్తే చాలు. అదనపు సమాచారం గడి కూడా ఉంది, కాకపోతే దాన్ని 2025–26 నుంచి 300 పదాలకు తగ్గించారు. పాత సలహాల్లో 650 అని కనిపిస్తుంది, అది నమ్మొద్దు.

తూర్పుగాలి
థాంక్స్. చాలా తేలికైంది మనసు.

సగంరాసినపేజీ
రాత్రి కూర్చుని కొత్తగా మొదలుపెట్టాను. మొదటి పేరా: "లిఫ్టు తలుపులు తెరుచుకోగానే పదిమందిలో ఏడుగురు ఎడమకి తిరుగుతారు. ఎక్స్‌రే విభాగం కుడివైపు ఉంది. నేను వాళ్లకి ఎదురుగా, చేతిలో నోట్‌బుక్‌తో నిలబడి ఉన్నాను."

లెక్కలమాస్టారు
పదిమందిలో ఏడుగురు నీ నోట్‌బుక్‌లో ఉన్న లెక్కేనా? అయితేనే ఉంచు. లేకపోతే "చాలామంది" అను. లెక్క ఎక్కడి నుంచి వచ్చిందని రేపు ఇంటర్వ్యూలో అడిగితే నోట్‌బుక్ చూపించగలగాలి.

సగంరాసినపేజీ
నోట్‌బుక్‌లో ఉన్నదే మాస్టారూ.

రెండోచిత్తు
అయితే బ్రహ్మాండం. ముందు పెట్టినదానికీ దీనికీ పోలికే లేదు.

ఉత్తరధ్రువం
నాకు ఇలా సంఘటనతో మొదలుపెట్టడం నచ్చదు. అందరూ ఇదే చేస్తున్నారు. అలారం మోగింది, చెమట పట్టింది, గుండె కొట్టుకుంది అంటూ. నేరుగా "మనుషులు ఎందుకు దారి తప్పుతారో నాకు తెలుసుకోవాలని ఉంటుంది" అని మొదలుపెట్టకూడదా? అది కూడా బలంగానే ఉంటుంది.

నీలిరంగుపెన్
చెమట, గుండె లేవు కదా ఇందులో. ఏడుగురు, ఎడమ, కుడి, నోట్‌బుక్. నాకు ఇదే నచ్చింది. కానీ మీరు అన్న వాక్యం కూడా పోనివ్వకూడదు, రెండో పేరాలో బాగా కూర్చుంటుంది.

గుడ్లగూబ
ఈ విషయంలో నాది ఉత్తరధ్రువం పక్షం కాదు. అయితే ఆయన భయం నిజమైనదే. మొదటి పేరాలో నాటకం పెట్టి, రెండో పేరా నుంచి చప్పగా సాగే ఎస్సేలు చాలా వస్తాయి. ఇక్కడ ప్రమాదం మొదట్లో లేదు, చివర్లో ఉంది. "ఈ అనుభవం నాకు సహానుభూతి, ఓర్పు, నాయకత్వం నేర్పింది" అని రాసేస్తావేమో, అదే నా భయం. రాయకు. నువ్వు బాణాలు మానేసి నోట్‌బుక్ తీశావంటేనే ఓర్పు కనిపిస్తుంది. దాని పేరు నువ్వు చెప్పక్కర్లేదు.

సగంరాసినపేజీ
అచ్చం అలాగే రాశాను, ఇప్పుడే తీసేశాను. మరి చివర్లో ఏం రాయాలి?

లెక్కలమాస్టారు
ఆ తర్వాత ఏం చేశావో అది రాయి. ఆ నోట్‌బుక్ ఏమైంది?

సగంరాసినపేజీ
సూపర్‌వైజర్‌కి చూపించాను. బోర్డు మార్చలేదు, దానికి అనుమతులు కావాలట. కానీ మిగతా వాలంటీర్లని ఆ మూల దగ్గర నిలబెట్టడం మొదలుపెట్టారు. నేను బస్ స్టేషన్లలో, లైబ్రరీలో కూడా బోర్డులు గీసుకుంటున్నాను ఇప్పుడు. బోర్డు నేల మీద ఉంటే బాగా పనిచేస్తుందా అని ఆలోచిస్తున్నాను.

గుడ్లగూబ
"బోర్డు మార్చలేదు" అన్నది తప్పకుండా ఉంచు. అన్నీ గెలిచినట్టు రాస్తే నమ్మకం తగ్గుతుంది. ఆఖరికి నేల మీది బోర్డు అన్న ప్రశ్న దగ్గర ఆగిపోవచ్చు. ఇంకా ఆలోచిస్తున్న పిల్ల అని తెలుస్తుంది.

ఇద్దరుపిల్లలతల్లి
ఒక జాగ్రత్త. ఏ రోగి గురించీ పేరు, జబ్బు, వయసు లాంటి గుర్తుపట్టే వివరం రానివ్వకు. వాళ్లు నీ ఎస్సేలో ఉండటానికి ఒప్పుకోలేదు కదా.

పక్కబెంచి
డాక్టర్ అవుతానన్నది మరి? ఎస్సేలో ఆ మాటే లేకపోతే ఎలా?

అక్షరపిచ్చుక
ఆ కాలేజీ సప్లిమెంటులో (కాలేజీ విడిగా అడిగే ప్రశ్నల్లో) ఈ సబ్జెక్టు ఎందుకు, మా కాలేజీ ఎందుకు అని అడుగుతారు. అక్కడ రాస్తుంది. అయినా ఈ నోట్‌బుక్ చూస్తే డాక్టర్ అవుతుందో, ఆసుపత్రులు కట్టే ఆర్కిటెక్ట్ అవుతుందో నాకైతే చెప్పడం కష్టం :)

సగంరాసినపేజీ
అక్కా, నాకు కూడా ఇవాళే ఆ అనుమానం వచ్చింది!

రెండోచిత్తు
ఎస్సే రాస్తూ మేజర్ (ప్రధాన సబ్జెక్టు) మార్చుకోకమ్మా, ముందు పంపించు.

తూర్పుగాలి
ఏఐతో రాయించి తర్వాత మనం మార్చుకుంటే ఎవరికి తెలుస్తుంది అని మా క్లాసులో అంటున్నారు. ఏమంటారు?

నీలిరంగుపెన్
తెలుస్తుందా లేదా అన్నది తర్వాత. కామన్ యాప్ మోసం కిందకి వచ్చేవాటిలో ఏఐ రాసిన అసలు విషయాన్ని మన సొంతమని పంపడం కూడా చేర్చింది. పంపేటప్పుడు ఇది నా పనే అని సంతకం పెడతారు. సంతకం పెట్టి అబద్ధం చెప్పడం ఎందుకు?

లెక్కలమాస్టారు
ఇంకో మాట. ఎడమ గోడ మీద బోర్డు సంగతి ఏ యంత్రానికీ తెలియదు. ఆ అమ్మాయి అక్కడ నిలబడింది కాబట్టి తెలిసింది. అడిగితే అది ఇచ్చేది చిరునవ్వు నవ్వే రోగినే.

పక్కబెంచి
మరి తల్లిదండ్రులు దిద్దితే? నేను మావాడి ఎస్సేలో వాక్యాలు మారుస్తున్నాను. అది కూడా మోసమేనా?

ఇద్దరుపిల్లలతల్లి
అక్షరదోషాలు చెప్పడం వేరు, వాక్యాలు మార్చడం వేరు. నేను పెట్టుకున్న పద్ధతి ఇది: కాగితం మీద పెన్ పెట్టను, ప్రశ్నలు మాత్రం అడుగుతాను. "ఇక్కడ నాకు అర్థం కాలేదు", "ఇది నిజంగా ఇలాగే జరిగిందా", "ఇక్కడ నీకేమనిపించింది". జవాబు వాళ్లు చెబుతుంటేనే వాక్యం వాళ్ల నోట్లో దొరుకుతుంది. గుడ్లగూబ గారు పైన అడిగింది కూడా అలాంటి ప్రశ్నే కదా, "చేతులతో, కాళ్లతో ఏం చేశావు" అని. దానితోనే అసలు సంగతి బయటికి వచ్చింది.

గుడ్లగూబ
నలభై ఏళ్ల మనిషి రాసిన వాక్యం పదిహేడేళ్ల పిల్ల ఎస్సేలో ఉంటే తెలిసిపోతుంది. సప్లిమెంట్లలో ఒక గొంతు, ఎస్సేలో ఇంకో గొంతు ఉంటుంది. పక్కబెంచి గారూ, మీ అబ్బాయిని బిగ్గరగా చదవమనండి. వాడు ఎక్కడ తడబడితే అక్కడ మీ వాక్యం ఉన్నట్టు.

పక్కబెంచి
చదివించాను. మూడు చోట్ల తడబడ్డాడు. మూడూ నేను పెట్టినవే. తీసేస్తున్నాను.

రెండోచిత్తు
పక్కబెంచి గారికి ఈ థ్రెడ్ తరఫున చప్పట్లు.

ఉత్తరధ్రువం
అసలు ఎస్సేకి ఇంత విలువ ఉందా అన్నది నా ప్రశ్న. మార్కులు చూసి తీసుకునే కాలేజీలు చాలా ఉన్నాయి.

లెక్కలమాస్టారు
ఊహించనక్కర్లేదు, చూసుకోవచ్చు. చాలా కాలేజీలు కామన్ డేటా సెట్ అని ఏటా ఒక పత్రం పెడతాయి. అందులో సీ7 అనే పట్టికలో మార్కులు, పరీక్ష స్కోరు, ఎస్సే, సిఫార్సు ఉత్తరాలు ఒక్కోటి ఎంత ముఖ్యమో కాలేజీయే టిక్ పెడుతుంది. కాలేజీ పేరుతో పాటు "కామన్ డేటా సెట్" అని వెతికితే దొరుకుతుంది. ఎస్సేని అసలు పరిగణించని కాలేజీ ఉంటే దానికి రాత్రుళ్లు మేలుకోవడం ఎందుకు? చాలా ముఖ్యం అని ఉన్నచోట మాత్రం మనసు పెట్టాలి.

ఉత్తరధ్రువం
ఇది నాకు తెలియదు. మంచి సంగతి చెప్పారు.

వెన్నెలబాట
మా కుటుంబం వేరే దేశం నుంచి వచ్చింది, ఇంట్లో ఇంకో భాష. ఈ కథ రాస్తే పాతచింతకాయ అంటారని భయం. పైగా 2023లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక అలాంటివి రాయకూడదని ఎవరో అన్నారు.

నీలిరంగుపెన్
రాయకూడదని ఆ తీర్పులో లేదు. కాలేజీలు అడ్మిషన్లలో జాతిని (రేస్‌ని) జాతిగా లెక్కలోకి తీసుకోకూడదంది. కానీ అది తన జీవితాన్ని ఎలా మలిచిందో విద్యార్థి రాస్తే, దాన్ని ఆ వ్యక్తి ధైర్యానికో సామర్థ్యానికో ముడిపెట్టి చూడొచ్చని ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ ఆ తీర్పులోనే రాశారు. "రెండు సంస్కృతుల మధ్య నలిగాను" అని మొత్తంగా చెప్పకుండా మీ ఒక్కరికే జరిగిన ఒక సంగతి పట్టుకోండి.

వెన్నెలబాట
బ్యాంకు ఉత్తరాలన్నీ అమ్మకి నేనే చదివి చెబుతాను. చెడ్డ వార్త ఉంటే ముందు ఏ పేరా చదవాలో ఆలోచిస్తాను.

అక్షరపిచ్చుక
ఇక భయమెందుకు? రాసేయండి!

సగంరాసినపేజీ
ఇదే ఎస్సే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకి కూడా వాడొచ్చా?

గుడ్లగూబ
యథాతథంగా వాడలేవు. వాళ్లది వేరే అప్లికేషన్, ఎనిమిది ప్రశ్నల్లో నాలుగింటికి జవాబు, ఒక్కోటి 350 పదాలు దాటకూడదు. అక్కడ సన్నివేశం, వర్ణన అంత అవసరం లేదు. ఏం చేశావు, ఎందుకు చేశావు, ఏమైంది అన్నది సూటిగా చెప్పాలి. ఎదురుగా కూర్చుని అడిగితే చెప్పినట్టు రాయి. నోట్‌బుక్ సంగతి సృజనాత్మకత ప్రశ్నకి సరిగ్గా సరిపోతుంది. రాసింది నిజమో కాదో రుజువు చూపమని వాళ్లు కొందర్ని అడుగుతారు కూడా, కాబట్టి ఆ నోట్‌బుక్ పారేయకు.

తూర్పుగాలి
నేను ఇంగ్లండ్ కాలేజీలకి కూడా పెడుతున్నాను. అక్కడా ఇలాంటి కథే రాయాలా?

లెక్కలమాస్టారు
వద్దు. అక్కడ యూకాస్ (బ్రిటన్ కాలేజీలకి ఉమ్మడి దరఖాస్తులు తీసుకునే సంస్థ) వాళ్లది పూర్తిగా సబ్జెక్టు గురించి. 2026 ప్రవేశాల నుంచి ఒకే పొడవాటి వ్యాసం బదులు మూడు ప్రశ్నలు ఇస్తున్నారు: ఈ కోర్సు ఎందుకు, చదువు దీనికి నిన్నెలా సిద్ధం చేసింది, చదువు బయట ఏం చేశావు. మూడూ కలిపి 4,000 అక్షరాలు, ఖాళీలతో సహా, ఒక్కోదానికి కనీసం 350. నువ్వు ఎంచుకున్న కాలేజీలన్నిటికీ అదొక్కటే వెళ్తుంది, అందుకని ఒక కాలేజీ పేరు అందులో పెట్టకు.

సగంరాసినపేజీ
పూర్తి డ్రాఫ్ట్ 702 పదాలు వచ్చింది. 650 దాటితే పెట్టె తీసుకోదట. ఏం తీయాలి?

నీలిరంగుపెన్
విశేషణాలు ముందు తీసెయ్. తర్వాత "నేను గ్రహించాను", "నాకు అర్థమైంది" లాంటివి. అప్పటికీ మిగిలితే వీల్‌చెయిర్ పేరా చూడు. అది ఈ కథకి అక్కర్లేదేమో.

సగంరాసినపేజీ
వీల్‌చెయిర్ పేరా తీసేశాను. 643. కౌన్సెలర్‌కి పంపించాను. అందరికీ చాలా చాలా థాంక్స్.

రెండోచిత్తు
సబ్మిట్ కొట్టే ముందు ప్రివ్యూ పీడీఎఫ్ మొత్తం చదువు. వేరేచోట టైప్ చేసి అతికిస్తే పేరాలు ఒక్కోసారి కలిసిపోతాయి. అర్ధరాత్రి డెడ్‌లైన్ అంటే ఏ టైమ్ జోన్ లెక్కో ఆ కాలేజీ పేజీలో చూసుకో, రెండు రోజుల ముందే పంపెయ్. ఇంకో సంగతి, ఒక కాలేజీకి పంపాక కూడా కామన్ యాప్‌లో ఎస్సే మార్చుకోవచ్చు, తర్వాత పంపేవాటికి కొత్తది వెళ్తుంది.

వెన్నెలబాట
నాది కూడా మొదటి పేరా రాశాను. ఇక్కడే పెట్టనా, కొత్త థ్రెడ్ తెరవనా?

గుడ్లగూబ
కొత్తది తెరువు, లింకు ఇక్కడ పెట్టు. రేపు పొద్దున చదువుతాను.